నూట పదిహేను సెంటీమీటర్లు

పండుకున్న పిల్లకు టేపు పెట్టి కొలుస్తున్న కొడుకును చూసి జానమ్మ చేతిలోని చాట కింద పెట్టింది.

"ఏం చేస్తున్నవ్‌రా?"

"కొలుస్తున్న."

"అది కనబడుతనే ఉన్నది. ఎందుకు కొలుస్తున్నవని అడుగుతున్న."

నవీన్‌కుమార్ వంగి అంకె చూశాడు. నిహారిక చాప మీద వెల్లకిలా ఉంది. టేపు ఒక కొస పిల్ల నెత్తి దగ్గర గోడకు ఆనింది, రెండో కొస మడమ పక్కన అతని బొటనవేలి కింద ఉంది. తొంభై నాలుగు. నాలుగేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. "చక్కిలిగిలి అయితాంది డాడీ," అని నవ్వుతోంది గానీ కాలు వెనక్కి తీసుకోవడం లేదు. తీసుకునే బలం ఆ కాళ్లకు లేదు.

జానమ్మ వచ్చి టేపు గుంజుకుంది. దేవరకొండ అవతల వాళ్ల ఊళ్లో పండుకున్న మనిషిని కొలిచేది వడ్రంగం చేసే వడ్ల గుర్వయ్య ఒక్కడే. వాడలో ఎవరన్నా పోతే తాడు పట్టుకొని వస్తాడు. నెత్తి నుంచి కాళ్ల దాకా తాడు పరిచి, ముడి వేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా పోతాడు. పొద్దు గూకేలోపు పెట్టె వస్తుంది. నవీన్ తండ్రి ఇస్రాయేలుకూ అట్లాగే కొలిచాడు.

"బతికున్నోళ్లను నిలవెట్టి కొలుస్తరు. పండవెట్టి కొలువరు. గంత సదువు సదివినవ్, గీ మాత్రం తెల్వదా?"

"నిలబడితే నిలబెట్టే కొలుద్దును గదా అమ్మా."

అనకుండా ఉండాల్సింది. జానమ్మ టేపు చుట్టి కొంగున కట్టుకొని, చాట తీసుకొని వంటింట్లోకి పోయింది. నవీన్ మాత్రం తొంభై నాలుగును ఫోనులో రాసుకున్నాడు.

అతను కొలిచింది కారు కోసం.

జడ్చర్లలో వాళ్లు ఉండే ఇంటి ముందు ఉన్న కారు రెండు డోర్లది, ఎర్రది, మోకాలంత ఎత్తులో కూర్చునేది. హైదరాబాద్‌లో ఒక వ్యాపారి కొడుకు వాడి వదిలేసినదాన్ని నవీన్ తన పెళ్లికి ముందు కొన్నాడు. ఇస్రాయేలు బతుకంతా లారీల్లో బస్తాలెత్తాడు. ఏ లారీలోనూ డ్రైవర్ పక్కన కూర్చోలేదు. ఎండైనా వానైనా సరుకు మీదనే ప్రయాణం. హాస్టళ్లలో చదివి, రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, జడ్చర్లలో మందుల కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్న కొడుకుకు ఇద్దరే పట్టే కారు మీద ఎందుకు మనసు పడిందో ఎవరికీ అర్థం కాలేదు. ఒక సీటు తనకు, ఒక సీటు నాయినకు అని అతను లెక్క వేసుకున్నాడు. ఆ సీట్లో ఇస్రాయేలు నాలుగు నెలలు తిరిగాడు. మొదటిరోజు వాడ మొదట్లోని మట్టికట్ట మీద కారు పొట్ట ఆనుకొని ఆగిపోతే, పదిమంది కలిసి లేపి అవతల పెట్టారు. "విమానం తెచ్చినవ్ గదరా, ఎగిరిస్తే అయిపోతుండె," అన్నారు. ఇస్రాయేలు లోపలినుంచి దిగలేదు. కారుతోపాటే ఆయన్నీ లేపారు.

ఆ కారులోనే శ్రీదేవి కాపురానికి వచ్చింది. ఆ కారులోనే మూడురోజుల నిహారిక దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది. ఏడాది దాటినా పిల్ల మెడ నిలబెట్టకపోతే హైదరాబాద్ తీసుకుపోయారు. కండరాలు రోజురోజుకూ బలం కోల్పోయే జబ్బు అన్నారు, పుట్టుకతోనే వచ్చింది అన్నారు. మందు ఉందన్నారు, దాని ఖరీదు విన్నాక మళ్లీ దాని ఊసు ఎత్తలేదు. నవీన్ పనిచేసే చోట రోజుకు లక్షల మాత్రలు తయారై ఓడలెక్కి పోతుంటాయి. పిల్లకు పనికొచ్చేది వాటిలో ఒక్కటి లేదు.

పోయిన నెల దవాఖానకు పోతుంటే షాద్‌నగర్ దాటినంక తల్లి ఒడిలో ఉన్న పిల్ల మెడ ముందుకు వాలింది. ఎప్పుడు వాలిందో శ్రీదేవి గమనించలేదు. పెదవులు నీలిరంగుకు తిరిగినంక చూసింది. నవీన్ బండి పక్కకు తీశాడు. ఆ డోరు తెరిచి, సీటు వెనక్కి వాల్చి, మెడ కదలకుండా పిల్లను బయటికి తీసేసరికి ఎంతసేపు పట్టిందో అతను లెక్కపెట్టలేదు. ఎండలో కాలుతున్న కారు బానెట్ మీద చున్నీ పరిచి పండబెట్టారు. లారీలు పోతూనే ఉన్నాయి. కాసేపటికి రంగు తిరిగి వచ్చింది. "ఇకనుంచి పండబెట్టే తేవాలి. మెడ, వీపు, కాళ్లు ఒక్క వరుసలో ఉండాలి," అన్నాడు డాక్టరు.

అందుకని నవీన్ తనకు తెలిసిన పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు. కంపెనీలో అతని పని, మందు ఎన్నాళ్లు మందుగా ఉంటుందో తేల్చడం. మాత్రలను వేడీ తేమా నిండిన గదిలో పెడతారు. మూడు నెలలకు కొన్ని, ఆరు నెలలకు కొన్ని తీసి పరీక్షిస్తారు. బలం ఎంత తగ్గిందో చుక్కలు పెట్టి, చుక్కల మీదుగా గీత గీస్తారు. గీత పనికిరాని మట్టానికి ఎక్కడ దిగుతుందో ఆ నెలే డబ్బా మీద పడే చివరి తేదీ. తొమ్మిదేళ్లుగా అదే పని. వేగంగా చేస్తాడు, తప్పు చెయ్యడు.

కార్లకూ అట్లాగే పట్టిక వేశాడు. వెనక సీటు మడిస్తే ఎంత పొడవు, డిక్కీ అడుగు నేలకు ఎంత ఎత్తు, తలుపు ఎంత వెడల్పు తెరుచుకుంటుంది, ఎంత కుదుపు. ఎత్తు బండ్లన్నీ మొదటే పోయాయి. అతను డ్యూటీలో ఉన్నప్పుడు పిల్లను శ్రీదేవి ఒక్కతే మెడ పట్టుకొని ఎక్కించాలి. పొడవు గడిలో కనీసం నూట పదిహేను సెంటీమీటర్లు అని పెట్టాడు. అంతకు తగ్గినవి ఎర్రగా, సరిపోయినవి ఆకుపచ్చగా మారేటట్టు చేశాడు. వారం తిరిగేసరికి ఆకుపచ్చవి నాలుగు మిగిలాయి. రెండు ఎల్లేశం దగ్గర ఉన్నాయి.

ఎల్లేశం జడ్చర్ల చౌరస్తా దాటినంక రేకుల షెడ్డు వేసుకొని పాత కార్లు అమ్ముతాడు. ఆదివారం పొద్దున ముగ్గురూ ఎర్రకారులోనే పోయారు. శ్రీదేవి సీటు పూర్తిగా వాల్చి, పిల్లను రొమ్ము మీద పండబెట్టుకొని, రెండు చేతులతో మెడ పట్టుకుంది. రెండు కిలోమీటర్లు రెండో గేరు దాటలేదు.

ఎల్లేశం ఎర్రకారు చుట్టూ తిరిగి చూశాడు.

"సారూ, దీన్ని నేనెవలకు అమ్మాలె? గీ రోడ్ల మీద గీ బండి తిప్పాలంటే ముంగట ఒకడు పార పట్టుకొని నడవాలె."

"మార్పిడికి తీసుకుంటనని ఫోన్ల అన్నవు గదనే."

"అన్న. తీసుకుంట. మాట మీదనే ఉంట. కష్టం చెప్పుకోవద్దా?" అని, శ్రీదేవి చేతుల్లోని పిల్లను చూసి గొంతు తగ్గించాడు. "లోపల మంచం ఉన్నది, పండవెట్టు చెల్లె. ఫ్యాను గిర్రున తిరుగుతది."

మొదటి బండి తెల్లది, పొట్టిది, పైకప్పు ఎత్తుది. మూడేళ్ల కిందటిది. సీటు మడిస్తే నూట పద్దెనిమిది. ఎల్లేశం ఎక్కించుకొని బైపాస్ దాకా తిప్పుకొచ్చాడు. కుదుపు ఎంతో తెలియడానికి నవీన్ సీసాలో సగం నీళ్లు పోసి డిక్కీలో పెట్టాడు. నీళ్లు పెద్దగా కదలలేదు. పట్టీలు కట్టడానికి కొక్కేలు ఎక్కడ వెల్డింగ్ చేయించాలో కూడా చూసుకున్నాడు. ప్రతి గడీ ఆకుపచ్చే.

రెండోది వెండిరంగుది, పొడుగుది. ముందు మామూలు కారు లాగే ఉంటుంది, వెనక మాత్రం పైకప్పు ఆగకుండా చివరిదాకా పోతుంది. పదకొండేళ్ల బండి. ఒకవైపు సీటు మడిస్తే నూట డెబ్బై ఎనిమిది, పక్క సీట్లో తల్లి కూర్చోవచ్చు. నేలకు దగ్గరగానే ఉంది గానీ ఎండకు రంగు పొలుసులు లేచింది, డీజిల్ తాగుతుంది, నీళ్ల సీసా ఒకసారి పడిపోయింది.

"గిసొంటియి చేసుడే బందు వెట్టిండ్రు సారూ. మనోళ్లు కొనరు. సూస్తే శవాల బండి లెక్క ఉన్నదంటరు," అన్నాడు ఎల్లేశం. అన్నాక నాలుక కరుచుకున్నాడు. మంచం వైపు చూసి, "నేను చాయ్ చెప్పొస్త," అని బయటికి పోయాడు.

"తెల్లది తీసుకుందాం," అన్నాడు నవీన్.

శ్రీదేవి మంచం పట్టె మీద కూర్చుని ఉంది. పిల్ల నిద్రపోతోంది. "నీ పట్టిక చూపియ్యి."

ఫోను ఇచ్చాడు. ఆమె ప్రైవేటు బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పేది. పిల్ల జబ్బు తెలిసినంక మానేసింది. పట్టికను పైనుంచి కిందికి ఓపికగా చదివింది.

"నూట పదిహేను ఎట్ల వచ్చింది?"

"తొంభై నాలుగుకు జర ఎక్కువ పెట్టిన. మార్జిన్."

"మార్జిన్ అంటే ఇరువై పెడ్తరు, ఇరువై అయిదు పెడ్తరు. ఇరువై ఒకటి పెట్టేటోళ్లను చూడలే."

ఆమె వేలు ఆ గడి మీద పడింది. గడి తాకితే దాని వెనకున్న లెక్క పైన కనబడుతుంది. తొంభై నాలుగు, ఆపైన ఆరును మూడున్నరతో గుణించిన లెక్క.

"ఆరు తెలుసు. ఏడాదికి ఆరు పెరుగుతాంది, కార్డు నేనే రాస్తున్న. మూడున్నర ఏంది?"

నవీన్ ఆ అంకె వైపు చూశాడు. తనే కొట్టాడు. డ్యూటీకి పోయేముందు, చెప్పులు వేసుకుంటూ. కొట్టేటప్పుడు చెయ్యి ఆగలేదు, ఇది ఏమిటి అని ఒక్కసారి అనుకోలేదు. గీత ఎక్కడిదాకా పోతుందో తెలిసినప్పుడు అక్కడిదాకానే లెక్క వేయడం అలవాటు.

"డాక్టర్ చెప్పిండా?"

తలూపాడు.

"ఎప్పుడు?"

"పోయిన జనవరిల. నువ్వు మందుల షాపుకాడ లైన్ల ఉన్నవు. నన్నొక్కణ్ణి పిలిచిండు."

పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో పిల్లకు అక్షరాలు నేర్పింది శ్రీదేవి. వచ్చే ఏడు ఏ బడి, చక్రాల కుర్చీ పోయేందుకు గుమ్మం దగ్గర ఏం చేయాలి అని మూడు బళ్లు తిరిగి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అతను "చూద్దాం" అన్నాడు. ఇప్పుడు ఆ చూద్దాంలన్నీ ఆమె ముఖంలో ఒక్కొక్కటిగా లెక్కకు వస్తున్నాయి.

"ఆయన ఖాయంగా అనలే. మామూలుగా గిసొంటి పిల్లలు..."

"చెప్పకు. నాలుగూ మూడున్నరా కలుపుడు నాకు రాదా?"

బయట ఎల్లేశం ఎవరితోనో చక్కెర తక్కువ వేయమని చెబుతున్నాడు. శ్రీదేవి పిల్ల నుదుటి మీది ఈగను తోలింది. కాసేపు చెయ్యి అక్కడే ఉంచింది. తర్వాత ఫోను తీసుకొని మూడున్నరను చెరిపేసి పదమూడు కొట్టింది.

గడిలో నూట డెబ్బై రెండు పడింది. వరుసగా గడులన్నీ ఎర్రబడ్డాయి. తెల్లబండి ఎర్రబడింది. ఒక్కటే ఆకుపచ్చగా మిగిలింది.

ఆ లెక్క తప్పు. ఏ పిల్లా పదిహేడేళ్లదాకా ఏడాదికి ఆరు చొప్పున పెరగదు, గీత అట్లా తిన్నగా పోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పొడుగు బండి," అంది శ్రీదేవి.

"అది పాతది. కుదుపు ఎక్కువ. ఎల్లేశం ఏమన్నడో విన్నవు గదా."

"విన్న. మెత్తటి పరుపు కుట్టిస్త. నువ్వు నా బిడ్డకు సరిపోను కారు చూడలే. అది ఎన్నొద్దులుంటదో అన్నొద్దులకు సరిపోను చూసినవు."

నవీన్ ఫోను తీసుకొని జేబులో పెట్టుకొని, చాయ్ గ్లాసులతో వస్తున్న ఎల్లేశానికి ఎదురుపోయాడు.

ఎల్లేశం మొదట నమ్మలేదు. నమ్మినంక ఖుషీ అయ్యాడు. ఏడాదిగా ఆ బండిని అడిగినవాడు లేడు. "రంగు మీద పోకున్రి సారూ. ఇంజన్ ఇనుము. ఇంకో ఏడెనిమిదేండ్లు మీకు ఏ ఫికర్ లేదు."

ఏడెనిమిది. నవీన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బండి అప్పటికీ నడుస్తుంది. ఇంటి ముందు నిలబడి ఉంటుంది, వెనక మడిచిన సీటుతో. ఆ సీటును మళ్లీ ఎవరు లేపుతారు, తానా, శ్రీదేవా? ఆ ఆలోచనను అక్కడే వదిలి, కాగితం మీద చూపించినచోట సంతకం పెట్టాడు. ఎర్రకారు తాళం ఇచ్చేశాడు. ఎల్లేశం దాన్ని రివర్సులో షెడ్డు వెనక్కి తీసుకుపోతుంటే పొట్ట రాయికి గీసుకుంది. నవీన్ అటు తిరగలేదు.

దుప్పట్లు నాలుగు మడతలు వేసి వెనక పరిచారు. శ్రీదేవి తల పట్టుకుంది, అతను నడుమూ కాళ్లూ పట్టుకున్నాడు. మెడ, వీపు, కాళ్లు ఒక్క వరుసలో, ఎక్కడా వంగకుండా పిల్ల లోపలికి జారింది. మొదటిసారి ఎవరూ గాబరా పడలేదు. నిహారిక మేలుకుంది. పైకప్పు చూసింది, పక్క అద్దంలోంచి కరెంటు తీగలు చూసింది.

"డాడీ, ఇది ఎవలిది?"

"మనదే బిడ్డ."

పిల్ల తల తిప్పలేదు, కళ్లు మాత్రం కిందికి తిప్పింది. తన పాదాలు కనబడ్డాయి. పాదాల అవతల ఇంకో తాను పట్టేంత ఖాళీ కనబడింది.

"నా కాళ్లకాడ గింత జాగా ఎందుకు?"

శ్రీదేవి తలుపు పట్టుకొని నిలబడి అతని వైపే చూస్తోంది. చెప్పాల్సింది నువ్వే అన్నట్టు చూస్తోంది. నవీన్ దుప్పటి అంచు సరిచేశాడు, సరిగ్గానే ఉన్నదాన్ని మళ్లీ సరిచేశాడు.

"నువ్వు పెద్దగైనంక కావాలె గదా," అన్నాడు.

"నానమ్మంత అయితనా?"

"అంతకన్న ఎక్కువనే అయితవు."

గొంతు మామూలుగానే వచ్చింది. శ్రీదేవి తలుపు మెల్లగా వేసి, పిల్ల పక్కన వచ్చి కూర్చుంది. అతను ముందుకు పోయి బండి తీశాడు.