వదిన ముఖం ఎర్రబడినప్పుడు

మొన్న వికారాబాదులో నా గొంతులోంచి కెమెరా దింపి కడుపు చూసిన డాక్టరమ్మ, లోపలి గోడమీద పెసరగింజంత గడ్డ కనబడితే అక్కడికక్కడే తీసి పరీక్షకు పంపింది. వారం తిరిగాక రిపోర్టు ముందు పెట్టుకుని ఓపిగ్గా వివరించింది. కడుపు గోడలో నరాల్లాగా కబురందుకుని గ్రంథుల్లాగా రసాలు వదిలే కణాలు కొన్ని ఉంటాయట, న్యూరోఎండోక్రైన్ కణాలంటారట, ఆమ్లం ఎంత ఊరాలో చెప్పడంలో వాటికీ పాత్ర ఉందట. అవి అదుపు తప్పి పెరిగితే ఇలా గడ్డ కడుతుందట. కొందరిలో అవి వదిలే రసాల వల్లే ముఖమూ మెడా ఎర్రబడతాయట. "భయపడకండమ్మా, మీది చిన్నదే, మొత్తం తీసేసినం. మీ ముఖం ఎప్పుడన్న ఉన్నట్టుండి ఎర్రగైతదా?" అని అడిగింది. లేదన్నాను. మా వదినకు అయ్యేదన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తాండూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరి, నాపరాళ్ల పాలిష్ మిల్లులో పనిచేసే అన్న ఇంట్లో ఉండేదాన్ని. వదినది కర్ణాటక సరిహద్దున ఉన్న బషీరాబాద్ వైపు, కోపం వస్తే కన్నడంలోకి, నవ్వొస్తే తెలుగులోకి మళ్లేది. నేను డ్యూటీకి పోయేలోగా జొన్నరొట్టె కాల్చి పెట్టి, నా తెల్లచీరకు గంజి పెట్టి ఆరేసేది.

తిన్న కాసేపటికి ఆమె బుగ్గలూ మెడా మచ్చలు మచ్చలుగా ఎర్రబడేవి, కళ్లలో నీళ్లు తిరిగేవి, దురదతో గోక్కునేది, ఆ తర్వాత అంతా దానంతటదే తగ్గిపోయేది. కడుపునొప్పి అనేది, రోజురోజుకూ చిక్కిపోయేది. నాన్న తాగి తాగి పోయినవాడు కాబట్టి మా ఇంట్లో ఎర్రబడిన ముఖానికి ఒకటే అర్థం. అన్న అడగకపోయినా నేనే చెప్పాను. "వదిన చాటుకు తాగుతున్నట్టున్నది అన్నా, దవాఖాన్ల గిసువంటి మొఖాలు రోజూ చూస్త." వాసన రాలేదు, సీసా దొరకలేదు, అయినా చెప్పింది నర్సు కదా, అన్న నమ్మాడు. ఆమె వండింది తినడం మానేశాడు.

వదిన నాతో పోట్లాడలేదు. ఓ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, "నేను తాగుతలేను. నువ్వు దవాఖాన్ల పనిచేస్తవు గదా, జర నన్ను తోల్కపో, డాక్టరుకు చూపియ్యి" అన్నది. ఆసుపత్రి మా ఇంటికి ఐదు నిమిషాల నడక. డాక్టరు ఊళ్లో లేడన్నాను. ఇంకోసారి అడిగితే రద్దీగా ఉందన్నాను. ఆమె చెప్పిందే నిజమని తేలితే అన్న ముందు నా మాట పోతుందన్న భయం తప్ప నాకు వేరే కారణం లేదు. మూడోసారి ఆమె అడగలేదు, పుట్టింటికి పోయింది.

ఏడాది తిరక్కుండానే రక్తం కక్కుకుంటే ఆమె తమ్ముడు హైదరాబాదు తీసుకుపోయాడు. కడుపులో గడ్డ అనీ, కాలేయానికి పాకిందనీ అన్నారు. ఏ రకం గడ్డో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నేను వెళ్లేసరికి ఆమెకు మాట పడిపోయింది. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు, తిప్పుకుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. మూడోనాడు పోయింది.

ఆమెదీ నాకొచ్చిన జాతి గడ్డేనో కాదో ఇక తెలిసే దారి లేదు. అయినా రిపోర్టు వచ్చిన మర్నాడే రైలెక్కి తాండూరు పోయి, ఇన్నేళ్లు దాచిన సంగతి, ఆమె రెండుసార్లు అడిగినా నేను తోలుకపోని సంగతి, అన్నకు చెప్పేశాను. మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన మా అన్న, "నువ్వు చెప్పినవ్, నమ్మింది నేను. ఏమైతుందే నీకు అని ఒక్కనాడు గూడ దాన్ని అడగలే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మన చిన్న ఊళ్లకూ యంత్రాలొచ్చాయి, రోగాలకు పేర్లు దొరికాయి. మా కాలంలో ఇవేవీ లేవు కదా అని మా ఈడువాళ్లం చెప్పుకుంటాం, నేనూ ఆ మాట అనుకుని కాస్త తేలికపడదామని చూశాను. కానీ ఆ రోజు వదిన అడిగింది యంత్రాన్ని కాదు. తన మాట నమ్మి, తనతో ఐదు నిమిషాలు నడిచి రమ్మంది.