టీవీలో కుయ్‌మన్న గౌరవ్వ

మా గౌరవ్వత్తకు తిట్టకుండా మాట్లాడటం చేతకాదు. అన్నానికి పిలిచినా తిట్టే, జ్వరం తగ్గిందా అని అడిగినా తిట్టే. "నీ నోట్లె మన్నువడ, తిన్నవారా కుమారూ?" అంటే నా మీద ప్రేమగా ఉన్నట్టు. జన్మంతా సిరిసిల్లలో సాంచెల మధ్య కండెలు చుట్టిన మనిషి. మరమగ్గాల మోతలో పక్కవాళ్ళకు వినబడాలంటే అరవాల్సిందే. ఇంటికొచ్చాక ఆ గొంతు తగ్గించాలన్న సంగతి ఆమెకు ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. దీక్షా శిబిరంలో ఆమెకు మైకు ఇవ్వకూడదని మేం తీర్మానం చేసుకున్నాం. అంతకుముందు ఒకసారి ఇస్తే ఢిల్లీ నుంచి గల్లీ దాకా నాయకులందరినీ, టెంటు వంకరగా కట్టిన మమ్మల్నీ కలిపి కడిగేసింది. మైకు లాక్కున్నాం. "మీ చేతులిరుగ, గా డబ్బ ఎవలికి గావాలెరా?" అని మిగతాది మైకు లేకుండానే పూర్తిచేసింది. బస్టాండు దాకా వినబడిందట.

అప్పుడే మా పక్కింటి కల్యాణికి టీవీ వాళ్ళు ఫోన్ చేశారు. మొగుడు రాకేశ్ ఆమెను వదిలేసి కోరుట్లలో ఉంటున్నాడు. పెద్దమనుషులు ఎంత చెప్పినా రాలేదు. టీవీలో ఆలుమగల తగవులు తీర్చే కార్యక్రమం ఉందట, కెమెరా ముందు కూర్చోబెడితే దారికొస్తాడట! పిచ్చిపిల్ల నమ్మింది. తోడుగా నేనూ, గౌరవ్వత్తా హైదరాబాద్ వెళ్ళాం.

ఆ స్టూడియో గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తగవు తీర్చడమా, నా మొహమా! పట్టుచీర కట్టుకున్న యాంకరమ్మ రాకేశ్‌ను ఊరించడం మొదలుపెట్టింది. "మీ భార్య మీద అనుమానమా? ఎవరితో? పేరు చెప్పండి, భయపడకండి." ఆ సిగ్గులేనివాడు, "సాంచెల షెడ్డుల ఈమెకు..." అని అందుకున్నాడు. అన్నీ అబద్ధాలే. ఆ మాటలు టీవీలో వస్తే కల్యాణి మా గల్లీలో తలెత్తుకుని తిరగగలదా? ఆ పిల్ల ఏడుస్తుంటే వెనకనుంచి ఒకడు "క్లోజప్, క్లోజప్!" అని సంబరపడ్డాడు.

"నీ పాడెగట్ట!" అంది గౌరవ్వత్త.

యాంకరమ్మ ఉలిక్కిపడింది. "అమ్మా, ఇలాంటి మాటలు టీవీలో రాకూడదు. తిట్లు వస్తే మేం కుయ్‌మని శబ్దం వేసి కప్పేయాలి."

"ఏస్కో," అంది అత్త.

రాకేశ్ మళ్ళీ నోరు తెరిచాడు. అత్తా తెరిచింది. "నీ పీనుగెల్ల! నీ కాళ్ళిరుగ! నీ నోట్లె మన్నువడ!" ఆ తర్వాతవి నేను రాయలేను, రాస్తే ఈ పుస్తకానికీ కుయ్‌మని వేయాల్సి వస్తుంది. అందరి మైకుల్లోనూ ఆమె గొంతే. బతిమాలి చాయ్ ఇచ్చారు. తాగి, చక్కెర తక్కువైందని చాయ్ తెచ్చినవాణ్ణి కూడా తిట్టింది. బయటికి పంపిస్తామన్నారు. "అత్త పోతే నేను గూడ పోత," అని కల్యాణి లేచి నిలబడింది. చివరికి యాంకరమ్మ చిరాగ్గా, "మీ తెలంగాణలో భాషే ఇంతా?" అంది.

ప్రసారమైన రోజు శిబిరంలోనే టీవీ పెట్టుకుని చూశాం. కుయ్! కుయ్! అరగంటా అదే. యాంకరమ్మ అన్న మాట మాత్రం శుభ్రంగా వినబడింది. శిబిరం భగ్గుమంది.

"మన అత్తకేమో కుయ్యి, గామెకు లేదా?" అని నేనే ముందు లేచాను. "రాస్తారోకో జేద్దాం పాండ్రి!"

"జేద్దురుగని, కూసోండ్రి, మీ కాళ్ళిరుగ!" అని వెనకనుంచి అత్త. "గా రాకేశ్‌గాడు పిల్ల మీద కూసింది ఒక్క ముక్కన్న ఇనవడ్డదా? ఎవలి పేరన్న ఇనవడ్డదా?"

నిజమే. ఒక్క ముక్క కూడా వినబడలేదు.

"తిడితే కప్పుతరని గా పట్టుచీరామెనే చెప్పింది గదరా. వాడు మొదలువెట్టినప్పుడల్లా నేను మొదలువెట్టిన."

ఆడపిల్ల మీద బురద చల్లించడం ఆ టీవీ వాళ్ళకు బూతు కాదు, థూ! గౌరవ్వత్త తిడితేనే బూతు. వాళ్ళ దిక్కుమాలిన నీతితోనే వాళ్ళ నోరు కుట్టేసి వచ్చింది. రాస్తారోకో మర్నాటికి వాయిదా వేశాం, మానలేదు.

పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్ళు కల్యాణి చుట్టూ మూగారు. ఏమడుగుతారోనని నేను దగ్గరికెళ్ళి చెవి పెట్టాను. కాసేపటికి అందరూ పగలబడి నవ్వారు. కల్యాణి కూడా బిందె పక్కన పెట్టి నవ్వుతోంది.

గడప దగ్గర నిలబడ్డ అత్త నన్ను పిలిచింది. ఎన్నడూ లేనిది మెల్లగా అడిగింది.

"కుమారూ, పిల్లను గామాటలేమన్న అడుగుతున్నరారా?"

"లేదత్తా. నువ్వేం తిట్టినవో అడుగుతున్నరు. ఇంకేం లేదు."

"నీ నోట్లె చక్కెర వొయ్య," అంది అత్త.

ఇన్నేళ్ళలో నా నోట్లో మన్ను పడకపోవడం అదే మొదటిసారి.