గట్టు పక్క కల్లం

మార్చి నెల, రెండో బుధవారం, సాయంత్రం. తమ్ముడి ఇంటి వరండాలో కృతజ్ఞతా కూడిక. హాజరైనవారు: పాస్టరు గారు, తమ్ముడు, మరదలు, కుడికాలికి కట్టుతో వాళ్ళ మనవడు, నేను, మా ఆవిడ, పేటలోని ఆడవాళ్ళు పదిమంది దాకా, చివర, గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో, తమ్ముడి ఎదురింట్లో ఉండే, నాకు వరసకు కోడలయ్యే అమ్మాయి.

నిన్నటి డైరీ పేజీ ఇలా మొదలైంది. ఎక్కడ ఏ కూడిక జరిగినా ముందు తేదీ, తరవాత వచ్చినవాళ్ళ వరస రాసుకోవడం బళ్ళో హాజరుపట్టీ రాసిన చేతికి పట్టిన అలవాటు. మా చర్చికి సంఘపెద్దగా ఉన్నన్నాళ్ళూ అది పనికొచ్చింది, ఇప్పుడు ఎవరికీ పనికిరాకపోయినా మానలేకపోతున్నాను. అయితే నిన్న ఆ చివరి మనిషిని రాశాక కలం ముందుకు కదల్లేదు.

నెల కిందట ఒక ఆదివారం, గుళ్ళో ఆరాధన అయ్యాక, తమ్ముడి మనవడూ ఆ అమ్మాయి కొడుకూ ఒకే బండి మీద వాడరేవు వెళ్ళారు. ఇక్కడి కుర్రాళ్ళకు సముద్రం చూడటమంటే అదే, చేపలు వేయించుకు తిని, ఫొటోలు తీసుకుని, చీకటి పడకుండా ఇంటికి చేరాలి. తిరిగి వస్తూ చీరాల దాటాక ఎదురొచ్చిన లారీని తప్పించబోయి పడ్డారు. వీడికి కాలు విరిగింది. వాడు మిగల్లేదు.

నిన్నటి కూడిక వీడు బతికి బయటపడ్డందుకు. పెట్టుకోవద్దని ఎవరంటారు? మనవడు చావు తప్పించుకుని ఇంటికొస్తే స్తోత్రం చెప్పకుండా ఏ తాత ఉండగలడు? పిలవకపోతే బాగుండదని మరదలు వెళ్ళి ఆ అమ్మాయిని పిలిచింది, రాకపోతే కుళ్ళుకుంటోందనుకుంటారని ఆ అమ్మాయి వచ్చింది. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని కుర్రాడికి మైకు ఇచ్చారు. వాడు తల అడ్డంగా ఊపాడు. తమ్ముడు భుజం తట్టాడు. వాడు గేటు వైపు చూడకుండా, దేవుడు నన్ను తన చేతుల్లో పట్టుకున్నాడు అని, ఆ తరవాతి మాట మింగేశాడు. అందరూ ఆమెన్ అన్నారు. అందులో గేటు పక్క గొంతు ఉందో లేదో నాకు తెలియదు, ఈ మధ్య నా చెవులకు అంత దూరం అందడం లేదు.

ముగింపు ప్రార్థన నా వంతు. ఏదో చేశాను. ఇంటికి నడిచి వచ్చాను. జీవితంలో ఎన్ని సాక్ష్యాలు విన్నానో చెప్పలేను, బస్సు తప్పిపోయి బతికినవాళ్ళవి, జ్వరం తగ్గినవాళ్ళవి, పరీక్ష గట్టెక్కినవాళ్ళవి. విన్న ప్రతిసారీ ఆ బస్సు ఎక్కినవాళ్ళ సంగతి గుర్తొచ్చి అలసట వస్తుంది. ఈ అలసటను నేను మొదటిసారి ఎరిగింది మా మేనత్త కల్లం దగ్గర.

అప్పటికి నేను తాడేపల్లి దగ్గర ఒక బళ్ళో పంతులుగా చేరిన కొత్త. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే రైలెక్కి చీరాలలో దిగి, స్టేషన్ దగ్గర తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంచిన సైకిలు తీసుకుని, నల్లరేగడి చేల మధ్య మట్టిరోడ్డున ఊరు చేరేవాణ్ణి. ఆ నెలల్లో దారి పొడుగునా ఎక్కడ చూసినా ఎర్రగా పరిచిన మిరప కల్లాలే, ఊపిరి పీలిస్తే ముక్కు మండేది. మన వయసువాళ్ళకు ఆ ఘాటు చెప్పనక్కర్లేదు, ఈ కాలం పిల్లలకు చెప్పినా తెలియదు.

మేనత్త మా నాన్నకు చెల్లెలు. మామయ్య పోయాక పుట్టింటి పేటకే తిరిగొచ్చి, కూలికి పోతూ ఇద్దరాడపిల్లల్ని పెంచింది. ఏళ్ళ తరబడి ఇతరుల చేలో కాయ కోసిన మనిషి ఆ ఏడు మొదటిసారి అరెకరం కౌలుకు తీసుకుని తన మిరప తాను వేసింది. మా పేటలో అప్పటికి సొంతంగా కల్లం పరిచినవాళ్ళు చాలా తక్కువ. మా పెదనాన్న అలాంటివాళ్ళలో ఒకడు, గుళ్ళో ముందు వరసలో కూర్చునే మనిషి, గొంతు పెద్దది, మనసూ చెడ్డది కాదు. ఆయన కల్లమూ అత్త కల్లమూ పక్కపక్కనే, మధ్యలో ఒక గట్టు.

ఒక వారం మధ్యలో సముద్రం వైపు నుంచి మబ్బు పట్టి కాలంకాని వాన పడింది. పెదనాన్న అంతకుముందు రోజే తన కాయ బస్తాలకు తొక్కించి ఇంటికి చేర్చుకున్నాడు. అత్త కాయ మొత్తం కల్లంలోనే ఉంది. పిల్లలూ తనూ చాపలు కప్పేలోపల నీళ్ళు కిందనుంచి పారాయి. తడిసిన కాయ రంగు పోయి తెల్లబారుతుంది, దాన్ని తాలు అంటారు. మంచి కాయలో తాలు కలిసిందంటే కొనేవాడు మొత్తాన్నీ వదిలేసి వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎండబెట్టి, ఒక్కొక్క కాయా చూసి ఏరితే ఏ కొంతో దక్కుతుంది.

ఆ ఆదివారం గుళ్ళో సాక్ష్యాల వేళ పెదనాన్న లేచాడు. నేను మగవాళ్ళ వైపు వెనక కూర్చుని ఉన్నాను.

"తెల్లారుజామున ప్రార్థనలో ఉంటే ప్రభువు నాతో మాట్లాడాడు. కాయ ఎత్తుకోరా అన్నాడు. ఎత్తుకున్నాను. మర్నాడే వాన. ఒక్క కాయ తడవలేదు" అన్నాడు.

జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి అత్త లేచింది. ఆవిడ కేకలేయలేదు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అన్నా, నీ కల్లం దాకా వచ్చినాయన గట్టు పక్కనున్న నా కల్లం చూళ్ళేదా?"

సమాధానం కోసం ఆగకుండా పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. సంఘపెద్ద అయిన మా నాన్న తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ వారంలో పాస్టరు అయ్యగారు అత్త ఇంటికి వెళ్ళారట. ఆకాశంలో ఎగిరే పిచ్చుకలను కూడా దేవుడు పట్టించుకుంటాడనీ, ఒక్కటి నేలరాలినా ఆయనకు తెలుస్తుందనీ నెమ్మదిగా చెప్పారట. అత్త మజ్జిగ కలిపి ఇచ్చి, "రాలేటప్పుడు చూస్తాడు సరే అయ్యగారూ. చూసి ఊరుకుంటాడా, పట్టుకుంటాడా? అది చెప్పండి" అందట. ఆయన మంచివారు, తెలియని దానికి తెలిసినట్టు చెప్పే అలవాటు లేదు. మజ్జిగ తాగి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వచ్చేశారు. ఇక అత్త గుడి మెట్టు తొక్కదని పేటంతా అనుకున్నారు. నాన్నకు ఆ బెంగతో అన్నం సహించేది కాదని అమ్మ చెప్పింది. చెల్లెలు పంట పోగొట్టుకున్నదాని కంటే దేవుణ్ణి పోగొట్టుకుంటోందని ఆయన దిగులు.

మా ఆడవాళ్ళలో పిడికెడు బియ్యం అనే ఆచారం ఉండేది. అన్నం వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు, అది దేవుడిది. శనివారం సాయంత్రం ఒకరు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తారు. ఆ శనివారం వంతు మా పెద్దమ్మది, అంటే పెదనాన్న భార్యది. ఆడబిడ్డ ఇంటి ముందు ఆగాలా వద్దా అని తటపటాయిస్తుంటే, అత్తే కుండ తెచ్చి గడప మీద పెట్టిందట. ఒక్క పూట కూడా మానలేదు. పెద్దమ్మ ఆశ్చర్యపోయి చూస్తుంటే, "ఏంటొదినా అట్టా చూస్తావు? ఆయన నన్ను చూడకపోతే చూడకపోనీ, నేనాయన్ని పస్తుంచుతానా ఏంటి" అందట.

ఈ మాట నాకెలా తెలుసంటే, మా ఇంటికీ పెదనాన్న ఇంటికీ మధ్య ఒకటే గోడ. పెద్దమ్మ బియ్యం గంప దించగానే పెదనాన్నకు ఆ మాట చెప్పి, దులపడం మొదలుపెట్టింది.

"నీ ఒక్కడి కాయ కోసమే అయితే ఆయన నీతో చెప్పేవాడా? గట్టు పక్క దానిక్కూడా చెప్పమని నీకు చెప్పాడేమో. నువ్వు సగం విని పరిగెత్తుకొచ్చావు. పైగా గుళ్ళో నిలబడి గొప్ప."

పెదనాన్న గొంతు వినపడలేదు. ఆయన గొంతు వినపడకపోవడం ఆ గోడ పక్క పెరిగిన నాకు అదే మొదటిసారి.

మర్నాడు ఆదివారం మొదటి గంట కొట్టాక కూడా ముందు వరసలో ఆయన చోటు ఖాళీగా ఉంది. ఏ జ్వరమొచ్చిందో చూసి రమ్మని నాన్న నన్ను పంపాడు. ఇంట్లో లేడు. వెతుక్కుంటూ చేల వైపు వెళితే, అత్త కల్లంలో గొంతుక్కూర్చుని తాలు ఏరుతున్నాడు. ఆదివారం పూట చేలో చెయ్యి పెట్టడం మాలో ఎంత తప్పో మీలో కొందరికైనా గుర్తుండాలి. పెదనాన్న ఆదివారం ఎద్దుకు తాడు కూడా మార్చేవాడు కాదు. అత్త కుప్పకు అవతలి వైపు కూర్చుని, తలెత్తకుండా, చేతులాడిస్తూనే మాట్లాడుతోంది.

"గంట కొట్టారన్నా."

"విన్నాలే."

"ఏంది, మళ్ళీ తెల్లారుజామున వచ్చి చెప్పాడా?"

"ఆయనేం చెప్పలేదే తల్లీ. మీ వదిన తిట్టి పంపింది."

అత్త నవ్వింది. నవ్వుతూనే కాయ ఘాటుకు దగ్గు, తుమ్ములు, కళ్ళనీళ్ళు. అవి ఏ కళ్ళనీళ్ళో చెప్పడం మిరపకల్లంలో ఎవరి తరమూ కాదు. రెండో గంట కూడా అక్కడే విన్నాం. నేను చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాను.

దక్కింది కొంచెమే. ఆ తరవాతి ఏడు ఆవిడ కౌలుకు తీసుకోలేదు. కొన్ని వారాలకు గుడికి రావడం మొదలుపెట్టింది గానీ, పాత చోట కాకుండా తలుపు దగ్గర కూర్చునేది. పెదనాన్న మళ్ళీ ఏ సాక్ష్యాల వేళా స్తోత్రం అన్న ఒక్క మాట కంటే ఎక్కువ మాట్లాడలేదు. చాలా ఏళ్ళకు, అత్త మంచం పట్టిన రోజుల్లో, దేవుడు నిన్ను చూశాడంటావా అత్తా అని అడిగాను. అప్పటికి నేను సంఘపెద్దను, నాకు ఆ జవాబు అవసరమైంది. "ఏమోరా. చూశాడో లేదో. అన్న మాత్రం వచ్చాడు" అంది. ఇన్నేళ్ళుగా ఆ మాట అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను. అది విశ్వాసమో కాదో నేను తేల్చలేకపోయాను, తేల్చే ఓపిక కూడా తగ్గింది.

ఇప్పుడు ఆ రెండు కల్లాల చోట ప్లాట్ల రాళ్ళు పాతారు. కాయ చేలోంచి తిన్నగా కోల్డ్ స్టోరేజికి పోతోంది, బియ్యం కుండ బదులు కానుకల కవరు తిరుగుతోంది. వాటికి నేను పెద్దగా బాధపడను. ఒకటి మాత్రం తలచుకుంటాను: అప్పట్లో ఒక మనిషి దుఃఖం పక్కన కూర్చోవాలంటే మాటలు రాకపోయినా ఒక పని దొరికేది. ఇప్పుడు వెళితే కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింక్ ఇస్తారు, టీవీ కట్టేస్తారు. చేతులకు పని ఉండదు, నోటికి మాట దొరకదు.

ఇవాళ పొద్దున ఇదంతా రాయడానికి కూర్చుంటే మా ఆవిడ కాఫీ గ్లాసు పెడుతూ, "ఆ డైరీ ఎక్కడికీ పోదు గానీ, ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి రండి" అంది. వెళ్ళాను. ఆ అమ్మాయి వాకిట్లో చాప పరిచి, ఏడాది కారానికి కొన్న మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఏంటి మామయ్యా, ఇంత పొద్దున్నే?"

"మీ అత్తయ్య పంపిందమ్మా."

కుర్చీ తేబోయింది. వద్దని చాప మీదే కూర్చున్నాను. కాసేపు చూసి ఒక చేట నా వైపు జరిపింది. తొడిమ సగం వదిలేస్తున్నానని ఒకసారి మందలించింది. తరవాత తనే అంది, "మావాడికి ప్రతిదాంట్లో కారం దండిగా ఉండాలి. ఈ ఏడు ఎంత ఆడించాలో తెలియక, ఏటా కొన్నంతే కొనేశాను మామయ్యా."

తొడిమలు తీశాను.

"నిన్న ఆమెన్ అన్నాను మామయ్యా. వాడు బతికినందుకు అన్నాను. వాడేం చేశాడు పాపం. నా కొడుకు సంగతి ఆయన్ని విడిగా అడుగుతున్నాను. ఇంకా చెప్పలా."

అప్పటికి ఎండ వాకిట్లోకి వచ్చింది. ఆ అమ్మాయి తలెత్తి, నా భుజం మీదుగా వీధిలోకి చూసింది. నేను తిరిగి చూశాను. తమ్ముడి మనవడు ఎదురు గేటు దగ్గర చంకకర్ర మీద ఒరిగి నిలబడి, ఇటు రావాలో వద్దో తెలియనట్టు చాప వైపు చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో నేను గమనించలేదు.

"ఒరేయ్, ఆ కాలితో ఎండలో ఎందుకురా అక్కడ? లోపలికి రా" అంది.

వాడు రోడ్డు దాటేలోపల, ఇంకో చేట కోసం లోపలికి వెళ్ళింది.