అరచేతి కింద అంకె

వంతు రాని అంకెను అరచేత్తో మూయడం ఆ ట్యూషన్ టీచరమ్మ అలవాటు. వయసు ప్రకారం క్లర్కు పరీక్షకు నాకు ఆ ఏడాదే చివరి అవకాశం. అందుకే లెక్కలు నేర్చుకోవడానికి లాల్‌దర్వాజాలో ఆమె ఇంట్లో, ఆరో తరగతి పిల్లల పక్కన చాప మీద కూర్చున్నాను.

8 + 2 × 5కు యాభై అని రాశాను. ఆమె ఎనిమిదిని మూసింది.

"ముందుగాల గుణకారం సార్. పద్దెనిమిది."

"మా ఇంట్లో ముందు కూర్చున్నవాడికే ముందు వడ్డన," అన్నాను.

"గది భోజనాల బంతిల సార్. గీడ ఎనిమిది ఆగాలె."

పిల్లలు నవ్వారు. తాతల నాటి జాగీరు పోయింది గానీ, మాట పడే అలవాటు మా ఇంట్లో లేదు. లేచి చెప్పులు వేసుకున్నాను.

"నవ్వినోళ్లు గిది జెయ్యున్రి," అంటూ ఆమె 20 − 6 ÷ 2 రాసింది. అందరూ ఏడు అన్నారు. ఆమె ఇరవైని మూసి, పదిహేడు రాబట్టి, నా వైపు తిరిగింది.

"వీళ్లకు గూడ రాలే. కూసోండ్రి సార్."

చెప్పులు విప్పి కూర్చున్నాను. అందుకే ఇవాళ క్లర్కును.