సునీతకు హాజరు వేయాలా?

వారమంతా మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం చర్చిలో పిల్లలకు సండేస్కూల్. మూడు వారాలుగా క్లాసుకు రాని సునీత కోసం ఈ సాయంత్రం కృష్ణానగర్‌లో మూడంతస్తులు ఎక్కాను.

"బడి లేని రోజే పిల్లలను సినిమా షూటింగుకు పిలుస్తరు టీచర్, ఏం జేయాలె," అంది వాళ్ళమ్మ.

సునీత మాత్రం తొణకలేదు. "నేను గూడ చర్చిలనే ఉన్న టీచర్, సెట్ల. కండ్లు మూసుకొని ప్రార్థన జేసుడు. పదిసార్లు జేయించిండ్రు."

నా క్లాసులో నిమిషం కూడా కళ్ళు మూయని పిల్ల. ఏమని ప్రార్థించావని అడిగాను.

"జల్ది అయిపోవాలె అని."

మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, పొద్దున పాఠం చెబుతూ నేనూ అదే కోరుకున్నాను. ఇప్పుడు ఆ పిల్లకు హాజరు వేయాలా వద్దా, మీరే చెప్పండి.