బలరాం మాస్టారి ఇంట్లో ఉండిపోయిన స్టీరియో

2022 శీతాకాలం. అరకులో టూరిస్టుల సీజను జోరుగా ఉంది. రిసార్టుల వాళ్లు వాయించి వాయించి పాడుచేసిన స్పీకర్లు నా షాపులో గుట్టపడి ఉన్నాయి. స్టేషనుకు వెళ్లే రోడ్డులో నాదొక చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. మాది శృంగవరపుకోట. పెళ్లయిన కొత్తలో ఘాట్ రోడ్డెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మైకు సెట్ల నుంచి మిక్సీల దాకా నా చేతిలో పడని వస్తువు లేదు. వాటిలో ఇది నాదైతే బాగుండునని నేను ఆశపడింది మాత్రం ఒక్కటే. అది ఇంకొకరి ఇంట్లో ఉంది.

అదొక పాత స్టీరియో సెట్. బరువైన యాంప్లిఫయరు, నడుమెత్తు వచ్చే రెండు చెక్క స్పీకర్లు. బొర్రా దగ్గర రైల్వే లైను చూసే ఇంజనీరు గారిది. ఏటా నేనే వెళ్లి దాన్ని విప్పి, దుమ్ము దులిపి, అవసరమైతే కెపాసిటర్లు మార్చేవాణ్ణి. కెపాసిటరంటే కరెంటును కాసేపు దాచిపెట్టి అందించే చిన్న డబ్బా. అవి ముసలివైతే పాట వెనక బొయ్యిమని మోత వస్తుంది. ఆ సెట్లో అటువంటి మోత నేనెప్పుడూ రానివ్వలేదు. ఆయన రిటైరై వెళ్లిపోతున్నారని తెలిసినప్పుడు, దాన్ని నాకే ఇస్తారనుకున్నాను. అడగలేదు. అడిగితే చులకనైపోతానని, ఆయనే పిలిచి ఇవ్వాలని కూర్చున్నాను. ఈలోగా బలరాం మాస్టారు వీడ్కోలు చెప్పడానికి వెళ్లి, "ఇది నాకిచ్చేయండి సార్" అని నోరు తెరిచి అడిగారు. ఆయన ఇచ్చేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. దాని లోపల ఏ వైరు ఎటు పోతుందో కూడా తెలియని మనిషికి వెళ్లిపోయింది నా సెట్టు.

బలరాం మాస్టారు అరకు అవతల ఒక కొండ ఊరివాడు. ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఇంటి వెనక కాస్త కాఫీ తోట ఉంది. కుర్రతనం నుంచి ఆయనకు ఒకటే పిచ్చి. ఏ ఊళ్లో పండగైనా వెళ్లి, ఆడవాళ్లు థింసా ఆడుతూ పాడే పాటలు, నాట్ల పాటలు, జోలలు రికార్డు చేసుకొచ్చేవారు. మొదట టేపుల మీద, తర్వాత ఫోనులో. అవన్నీ ఎక్కించి పెట్టుకున్న కంప్యూటరు ఇంటి చివరి గదిలో ఉండేది. అక్కడి పాట హాల్లో ఉన్న స్టీరియోలోంచి రావాలి. ఇదీ ఆయన కోరిక.

దీన్నే స్ట్రీమింగ్ అంటాం. పాట కంప్యూటర్లోనే ఉంటుంది. అది ముక్కలు ముక్కలుగా వైఫై మీద బయల్దేరి, స్టీరియో వెనక తగిలించిన స్ట్రీమరు అనే అరచేయంత బాక్సుకు చేరుతుంది. ఆ బాక్సు వాటిని మళ్లీ పాటగా కలిపి యాంప్లిఫయరుకు అందిస్తుంది. ముక్కలు వేళకు అందకపోతే పాట మధ్యలో ఆగిపోతుంది. మాస్టారింట్లో అదే జరుగుతోంది.

ఈ బాక్సు పెట్టింది నేను కాదు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక టెక్నీషియను. కంపెనీ పేరున్న టీషర్టు, స్టిక్కర్ల వ్యాను, మెళ్లో హెడ్‌ఫోను. సీజనొస్తే రిసార్టుల వాళ్లంతా అతన్నే పిలుస్తారు. పాడైపోయాక నన్ను పిలుస్తారు. అతను రెండుసార్లు వచ్చి చూసి, "మీ సెట్ పాతది, దీనికి సెట్ కాదు. కొత్త వైర్‌లెస్ స్పీకర్లు తీసుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడట. అప్పుడు గుర్తొచ్చాను మాస్టారికి.

"రమణా, నువ్వూ ఒకపాలి సూసీయి. నువ్వు కూడా అవదంటే ఈ పెట్టి నాకెందుకు? నువ్వే పట్టుకెళిపో" అన్నారు.

అవదు అంటే చాలు, సెట్టు నాది. కానీ అవదు అన్నానంటే ఆ టీషర్టువాడి మాట నిజమైపోతుంది. ఇద్దరి మీదా ఏడుపే నాకు. ఒక ఏడుపు తీరాలంటే రెండోదాన్ని మింగాలి.

మొదటిరోజు బాక్సు మార్చి చూశాను. వైఫై ఛానెల్ మార్చి చూశాను, అంటే ఒకే దారిలో రద్దీ పడకుండా వేరే దారిలో పంపడం. ఫలితం లేదు. పాట నాలుగు అడుగులేసి కూలబడుతోంది. కంప్యూటర్నే హాల్లోకి తెచ్చేయమన్నాను.

"హాల్లో ధాన్యం బస్తాలు, కోళ్లు, వచ్చీపోయే జనం. నా పాటలు మట్టిలో కలిసిపోతాయి" అన్నారు మాస్టారు. హాలుకూ కంప్యూటరు గదికీ మధ్య లోపలి గది ఉంది. పొయ్యి, పెద్దల దేవుడు ఉండే చోటు. అందులోకి పరాయివాళ్లు అడుగుపెట్టకూడదు. తీగ కోసం దాని గోడకు కన్నం వేయడం అసలే కుదరదు. టెక్నీషియను దాన్ని చూడలేదు. నేనూ చూడలేదు.

మాస్టారి భార్య సుక్రమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి నన్ను గమనిస్తోంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల థింసా పాట ఎత్తుకోవాలంటే ఆవిడే ఎత్తుకోవాలట. గొంతులో గడ్డకు ఆపరేషనయ్యాక స్వరం జీరపోయింది. పాడడం మానేసింది.

"తమ్ముడూ, అది పాడైపోతేనే మంచిది. రేత్రీ పగలూ ఆ గదిలో సెవులకి అవేటో తగిలించుకుని ఎవర్తినో ఇంతా కూకుంతాడు. నాను పిలిస్తే పలకడు" అంది.

"ఎవర్తినో ఏటి? పాటలు" అన్నారు మాస్టారు.

"పాటలయితే నాకెందుకు ఇనిపించవు?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఏడుపు నాకొక్కడికే కాదని తెలిసి కొంచెం ఊరటగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కొత్త ధాన్యం పండగ దగ్గరపడింది. పండగకు ముందు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాకిట్లోకి తెచ్చి తోముతారు. స్టీలు బిందెలు, ఇత్తడి పళ్లాలు, అల్యూమినియం డేగిసాలు ఎండలో పరుచుకుని ఉన్నాయి. సుక్రమ్మ బూడిదతో తోముతోంది. నేను పాట పెట్టాను. ఆగలేదు. రెండోది, మూడోది. ఆగలేదు. బాగయిందని మాస్టారు సంబరపడుతుంటే నాకు నీరసం వచ్చింది. ఒక్కసారైనా ఆగకూడదా అని మనసులో వేడుకున్నాను.

మధ్యాహ్నం గిన్నెలు ఆరాక లోపలికి మోసుకెళ్లారు. కాసేపటికి పాట తడబడింది. ఇంకాసేపటికి పూర్తిగా ఆగిపోయింది.

"అక్కా, అవన్నీ ఎక్కడ పెడతారు?" అని అడిగాను.

"ఎక్కడేటి? లోగది గోడకి. కింద నుంచి పైదాకా బల్లలు కొట్టించేను. ఈ ఊళ్లో అన్ని గిన్నెలు ఎవలికీ లేవు."

అర్థమైపోయింది. వైఫైకి లోహం అడ్డుగోడ. కంప్యూటరుకూ స్టీరియోకూ మధ్య గోడ నిండా గిన్నెలు. ఆ సంగతి ఆ క్షణాన లోకంలో నాకొక్కడికే తెలుసు. నోరు మూసుకుంటే సాయంత్రానికి సెట్టు ఆటోలో ఉంటుంది. షాపులో ఏ మూల పెట్టాలో కూడా అనుకున్నాను. అబద్ధం కూడా అక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

అప్పుడు మాస్టారు నిట్టూర్చి, "ఆ వైజాగు కుర్రాడు సెప్పనే సెప్పేడు, ఇది పనికిరాదని. తెలివైనోడు" అన్నారు.

ఆ ఒక్క మాట నేను భరించలేకపోయాను.

"అతగాడికేం తెలుసు మాస్టారూ" అని లేచాను. గోడకు కన్నం అక్కర్లేదు, ఇంటి చుట్టూ చూరు కింద నుంచి లాన్ కేబుల్ లాగితే చాలన్నాను. లాన్ కేబులంటే వైఫై చేసే పనే తీగ మీద చేసేది. దానికి గిన్నెలతో పనిలేదు. నేనే నిచ్చెనెక్కి, చూరు వాసాలకు క్లిప్పులు కొట్టి తీగ లాగాను. కొట్టిన ప్రతి మేకూ నా సెట్టును ఆ ఇంటికి దిగేస్తున్నట్టే ఉంది.

సాయంత్రం పాట పెట్టారు మాస్టారు. ఒక ఆడగొంతు. మోత లేదు, ఆగడం లేదు. పాతికేళ్ల కిందటి టేపు. అయినా ఆ మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. నా కెపాసిటర్లు, నా పనితనం, వేరేవాళ్ల హాల్లో. సుక్రమ్మ బిందె పట్టుకునే లోపల్నుంచి వచ్చింది.

"ఎవర్తిది ఆ గొంతు?"

మాస్టారు నవ్వారు.

"అడుగుతుంటే నవ్వుతావేటి? ఇన్నాళ్లూ ఆ గదిలో ఇంతన్నది దీన్నేనా?"

"దీన్నే."

"ఎవర్తిది?"

"నీదే" అన్నారాయన. "మన పెళ్లికి ముందు మీ ఊళ్లో కొత్త ధాన్యం పండక్కి పాడినావు. నాను టేపురికార్డరు పట్టుకుని గోడ సాటున కూకున్నాను. ఇనిపిస్తే పోయిన గొంతు తలుసుకుని ఏడుత్తావని దాసేను."

సుక్రమ్మ బిందె దించి, స్పీకరు ముందు నేలమీద కూర్చుంది. పాట అయిపోయాక, "మళ్లీ ఎయ్యి" అంది. నా చేతిలో స్క్రూడ్రైవరు ఉందన్న సంగతి మరిచిపోయి నిలబడ్డాను. ఆ సెట్టు ఇక నాకు రాదని అప్పుడే తెలిసిపోయింది.

ఆ రిపేరు తర్వాత ఏ ఇంటికి వెళ్లినా మొదట గోడ అవతల ఏముందో అడుగుతాను. చాలా రిపేర్లు అక్కడే తేలిపోతాయి. రెండోది నేర్చుకోవడం కష్టమైంది. కావలసింది మనసులో పెట్టుకుని కుళ్లకుండా నోరు తెరిచి అడగాలి. ఏటా సెట్టు సర్వీసుకు వెళ్లినప్పుడు మూత బిగించి అడుగుతూనే ఉన్నాను.

"అక్కా, ఇది నాకిచ్చీరాదా?"

స్పీకరు మీద చెయ్యేసుకుని కూర్చునే ఉంటుంది సుక్రమ్మ.

"ఇవ్వను తమ్ముడూ" అంటుంది. "టీ తాగి ఎళ్లు."