నా కార్డుతో కూర్చున్న పిల్ల

నేను ఇంట్లో కూర్చుని పప్పన్నం కలుపుకుంటుంటే నన్ను పోలీసులు పట్టుకున్నారని ఫోన్ వచ్చింది. కోతలు కోయడం లేదు. అప్పుడు ముద్ద నా చేతిలోనే ఉంది.

ఫోన్ ఎత్తింది నాన్న. ఆ రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ కాబట్టి ఆయనకు ఆఫీసు లేదు. అమ్మ ముందురోజే మల్కాజ్‌గిరిలో పిన్ని ఇంటికి వెళ్లి, తిరిగి రావడానికి బస్సు లేక అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అవతలి గొంతు ఎంత పెద్దదంటే ఫోన్ నాన్న చెవి దగ్గరున్నా నాకు ప్రతి మాటా వినబడింది.

"సార్, మీ అమ్మాయి మా స్టేషన్ల ఉన్నది. యూనివర్సిటీ పిల్లలతోటి తార్నాక చౌరస్తాల దొరికింది. వచ్చి తీస్కపోండ్రి." తర్వాత నా పేరు చదివాడు. ఇంటిపేరుతో సహా. నేను చదివే డిపార్ట్‌మెంట్‌తో సహా.

నాన్న నన్ను చూశారు. నేను నాన్నను చూశాను.

"ఏ అమ్మాయండీ?" అన్నారు నాన్న.

"ఎంతమంది ఉన్నరు సార్ మీకు?"

"ఒక్కతే."

"గా ఒక్కతే సార్. జల్ది రాండ్రి."

"వస్తున్నానండీ" అని నాన్న ఫోన్ పెట్టేశారు. పెట్టేసి, దగ్గరికొచ్చి నా భుజం మీద వేలితో పొడిచి చూశారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు మా ఇద్దరికీ రాలేదు.

ముందు తేరుకున్నది ఆయనే. "నీ బస్సు కార్డు ఎక్కడుంది?" అన్నారు. ఎంగిలి చేత్తోనే బ్యాగు తెరిచాను. కార్డు ఉంది. దాని మీద ఉన్న మొహం మాత్రం నాది కాదు.

ఆ కార్డు సంగతి చెప్పాలి. ఆ ఏడు మా రూటులో విద్యార్థులకు పాత అట్ట పాసులు తీసేసి, ప్రయోగంగా చిప్పు ఉన్న ప్లాస్టిక్ కార్డులు ఇచ్చారు. అదొక్కటి ఉంటే బస్సూ ఎక్కొచ్చు, లోకల్ రైలూ ఎక్కొచ్చు. మిషన్‌కు ఆనిస్తే కుయ్‌మంటుంది, అంతే. కార్డు వెనక పేరు, డిపార్ట్‌మెంటు, ఇంటి ఫోన్ నంబరు ఉంటాయి. ముందు ఫోటో ఉంటుంది. ఆ ఫోటోల్లో మేమంతా ఒకే తల్లి కడుపున పుట్టినట్టుండేవాళ్లం. బూడిదరంగు మొహం, నల్లటి జడ, మధ్యలో బొట్టుందో మచ్చ ఉందో తెలియని చుక్క.

ఎవరి కార్డు వాళ్లే మిషన్‌కు ఆనించాలన్నది దాన్ని తయారుచేసిన మహానుభావుల ఉద్దేశం. వాళ్లు మా బస్సు ఏనాడూ ఎక్కి ఉండరు. మా బస్సులో ఆడవాళ్ల వైపు కాలు పెట్టిన చోటే దిగేదాకా నిలబడాలి, కండక్టర్ మన దాకా రాలేడు, మనం అతని దాకా పోలేం. అందుకే మొదట్నుంచీ ఒక పద్ధతి ఉంది. డబ్బు చేతులు మారుతూ ముందుకు పోతుంది, టికెట్టూ చిల్లరా చేతులు మారుతూ వెనక్కి వస్తాయి. కొత్త కార్డులకూ అదే పద్ధతి వచ్చింది. కార్డులన్నీ కట్టగా కండక్టర్ దగ్గరికి పోయేవి, కుయ్ కుయ్ కుయ్‌మనేవి, మళ్లీ కట్టగా వచ్చేవి. ఎవరి మొహం వాళ్లు వెతుక్కుని తీసుకోవాలి.

బంద్ ముందురోజు సాయంత్రం అంబర్‌పేట్ నుంచి వచ్చిన బస్సులో చీమ దూరే సందు లేదు. నేనూ, నా క్లాస్‌మేటూ పక్కపక్కనే వేలాడుతున్నాం. కట్ట వచ్చింది, ఆమె ఒకటి తీసుకుంది, నేనొకటి తీసుకున్నాను. క్యాంపస్ స్టాపులో ఆమె దిగింది, తార్నాకలో నేను దిగాను. చూసుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఇప్పుడు స్టేషన్లో నా పేరుతో కూర్చున్నది ఆమె అన్నమాట.

ఆమెది జనగామ వైపు పల్లె, రైతు కుటుంబం. హాస్టల్లో ఉండేది. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేది. మా వాళ్లది తెనాలి దగ్గర. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు నాన్న. రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఉద్యమాన్ని తిట్టడం ఆయనకు కాఫీ ఎంతో అంత. "రేపు రాష్ట్రం ముక్కలైతే మన గతేంటి?" అనేవారు. ఆమె అన్నం తింటూనే జవాబు చెప్పేది. "మీ గతి ఏం కాదు అంకుల్. మీరు గీడనే ఉంటరు, నేను గీడనే ఉంట. మీరిట్లనే తిడ్తరు, నేనిట్లనే తింట." నాన్న మొహం మాడ్చుకునేవారు. ఆమె వెళ్లాక "జనగామ పిల్లకు నోరు తప్ప ఇంకేమీ లేదు" అనేవారు. పై ఆదివారం ఆమె రావడం ఆలస్యమైతే మాత్రం రెండుసార్లు గేటు వైపు చూసేవారు.

ఆమెకు అప్పుడే గవర్నమెంటు టీచర్ ఉద్యోగం వచ్చింది. వచ్చినట్టే, రానట్టే. పోలీసు ఎంక్వైరీ ఒక్కటి మిగిలింది. ఆమె పేరు స్టేషన్ కాగితాల మీదికెక్కితే ఉద్యోగం గోవిందా. అందుకే ఎంక్వైరీ అయ్యేదాకా ఊరేగింపుల వైపు చూడనని ఒట్టు పెట్టుకుంది.

ఇదంతా నాన్నకూ తెలుసు. అయినా ఆయన మొహం ఎర్రబడింది.

"నిజం చెప్పేస్తాను" అన్నారు. "మా అమ్మాయి ఇంట్లో ఉంది, కార్డు మారిపోయిందని చెప్పేస్తాను."

"చెప్తే దాని ఉద్యోగం పోతుంది నాన్నా."

"చెప్పకపోతే నీ పేరు రాసుకుంటారు. రేపు నీకు ఉద్యోగం అక్కర్లేదా? నీకు ఎంక్వైరీ రాదా?"

నాకు భయం వేసింది. నా పేరు నేను లేకుండా ఒక చోటికి వెళ్లి కూర్చుంది. దాన్ని వెనక్కి పిలుచుకుంటే ఆమె మునుగుతుంది, పిలుచుకోకపోతే నేను మునుగుతాను. నాన్న చొక్కా వేసుకున్నారు. "నువ్వు ఇంట్లోనే ఉండు, నువ్వు అక్కడున్నావుగా" అన్నారు. నేను వింటానా? ఎండకు కట్టుకున్నట్టు మొహానికి స్కార్ఫ్ చుట్టి, కళ్లు మాత్రం బయటపెట్టి, స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాను. దిగమనడానికి ఆయనకు ఓపిక లేదు.

చౌరస్తాను నేను గుర్తుపట్టలేకపోయాను. రోజూ కూరగాయల బండ్లతో, ఆటోలతో ఊపిరాడని చోటు. ఆ రోజు షట్టర్లన్నీ దించి ఉన్నాయి. రోడ్డు నిండా రాళ్లు, జోడు విడిపోయిన చెప్పులు. గ్యాస్ వాసన ఇంకా పోలేదు. స్కార్ఫ్ ఉన్నా కళ్లు మండాయి. మా వీధి చివర ఇంత జరుగుతుంటే నేను పప్పులో నెయ్యి వేసుకుంటున్నాను. నాన్న స్కూటర్ మెల్లగా పోనిచ్చారు. ఏం చెప్పబోతున్నారో నన్నడగలేదు, నాకు చెప్పలేదు.

స్టేషన్ గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ లాఠీ పట్టుకుని నిలబడ్డాడు. తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరినే లోపలికి వదులుతున్నాడు. నేను బయటే గేటు కడ్డీలు పట్టుకుని ఆగిపోయాను. లోపల రేకుల షెడ్డు కింద పిల్లలు నేల మీద కూర్చున్నారు. షెడ్డు ముందు టేబుల్ వేసుకుని ఎస్సై కూర్చున్నాడు. నాన్న వెళ్లి నిలబడగానే అతను నా పేరు గట్టిగా పిలిచాడు.

ఆమె లేచి నిలబడింది.

నా పేరుకు ఇంకో మనిషి లేవడం చూస్తే నా ఒళ్లు జలదరించింది. ఆమె చున్నీ చిరిగింది. ఒక కాలికి చెప్పు లేదు. నాన్నను చూడగానే ఆమె మొహం పాలిపోయింది. ఎవరొస్తారనుకుందో ఏమో, వచ్చిన మనిషి ఏం చెబుతాడో మాత్రం ఆమెకూ తెలియదు.

"మీ అమ్మాయేనా?" అన్నాడు ఎస్సై.

నాన్న ఆమెను తలనుంచి కాలిదాకా చూశారు. ఆ చెప్పులేని కాలి దగ్గర కాసేపు ఆగారు.

"అవునండీ. మా అమ్మాయే."

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా నాన్న అబద్ధం ఆడగా నేను వినడం అదే మొదలు.

ఎస్సై తలెత్తాడు. "మీరు ఆంధ్రోళ్లు గదా సార్. మాటల తెలుస్తున్నది. మరి మీ బిడ్డ గట్ల నినాదాలిస్తదేంది?"

"తెనాలి దగ్గర పుట్టింది నేనండీ. అది కాదు. ఇక్కడి నీళ్లు తాగింది, ఇక్కడి మాటే మాట్లాడుతుంది. నేను చెబితే వింటుందా?"

ఎస్సై కార్డు అటూ ఇటూ తిప్పాడు. ఫోటో చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "దీంట్ల చిప్పు ఉన్నది. మిషన్ల పెడ్తే యాడ యాడ తిరిగిందో అంతా వస్తది. అబద్ధం నడ్వదు."

"పెట్టి చూడండి. యూనివర్సిటీ, తార్నాక. ఇంకెక్కడికి పోతుంది?"

అది ఆమెకూ నాకూ సరిపోయే జవాబు. పైగా మిషన్లున్నది బస్సుల్లో, రైల్వే స్టేషన్లలో, ఆ రోజు అవన్నీ బంద్. ఆమె మొహం ఎదురుగా ఉన్నా ఎస్సై మాత్రం ప్లాస్టిక్ ముక్కనే నమ్మాడు.

అప్పుడు నాన్న ఆమె వైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టారు. "గుమ్మం దాటొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా? నోట్లో నాలుకుంటే సరిపోయిందా, బుర్ర అక్కర్లేదా? నీకేమన్నా అయితే మీ అమ్మకు నేనేం సమాధానం చెప్పాలి?" అవి నా తిట్లు. నాకోసం ఇరవై ఏళ్లుగా దాచుకున్న తిట్లు, మాట పొల్లుపోకుండా ఆమెకు పెట్టారు. అప్పటిదాకా బిగపట్టుకుని నిలబడ్డ ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"తప్పయింది నాయినా" అంది.

ఎస్సై ఇంకేం అడగలేదు. కాగితం మీద నా పేరు రాశాడు, నాన్న సంతకం పెట్టారు. గేటు దాటాక ముగ్గురం ఒకే స్కూటర్ మీద ఎక్కాం. గేటు దగ్గరి కానిస్టేబుల్ మమ్మల్ని చూశాడు. ముగ్గురెక్కినందుకు ఆపుతాడేమోనని నేనూ అతన్నే చూశాను. ఆపలేదు.

ఇంటికొచ్చాక ఆమె చెప్పింది. "పొద్దున చూస్కున్న, కార్డు నీదని. ఇద్దామని మీ ఇంటికే బయల్దేరిన. చౌరస్తాల మనోళ్లను ఈడ్చుకపోతున్నరు. ఊరుకుందామనుకున్న. నోరాగలే." నాన్న అంతా విని, "ఉద్యమం గురించి నా అభిప్రాయం ఏమీ మారలేదు" అన్నారు. తర్వాత చల్లారిపోయిన పప్పు తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టారు.

ఆమె ఎంక్వైరీ ఏ మచ్చా లేకుండా అయిపోయింది. ఊరికి దగ్గర్లోనే బడి. కొత్త కార్డులు కొన్నాళ్లు నడిచి ఆగిపోయాయి. మళ్లీ అట్ట పాసులొచ్చాయి. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. నాన్న ఆ రోజు రాత్రి టీవీ కట్టేసి తొందరగా పడుకున్నారు. మర్నాడు మామూలుగానే ఆఫీసుకు వెళ్లారు. మేం ఎక్కడికీ పోలేదు, తార్నాకలోనే ఉన్నాం.

ఆ తర్వాత నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, నా ఎంక్వైరీ వచ్చింది. నెరిసిన మీసాల కానిస్టేబుల్ ఒకాయన మా హాల్లో కూర్చుని టీ తాగుతూ కాగితాలు తిప్పాడు.

"మేడం, మీ మీద ఒక పాత ఎంట్రీ ఉన్నది. ఉద్యమంల మిమ్మల్ని స్టేషన్‌కు తెచ్చిన్రు. మీరేనా?"

నాన్న కప్పు కిందపెట్టారు. ఆయన మొహం చూశాక అర్థమైంది, ఇన్నేళ్లూ ఆయన ఈ ప్రశ్న కోసమే భయపడుతున్నారని. "అది..." అని మొదలుపెట్టారు. ఇప్పుడు నాకోసం నిజం చెప్పబోతున్నారు. చెబితే బళ్లో పాఠాలు చెబుతున్న ఆమె మెడకు చుట్టుకుంటుంది.

"నేనే" అన్నాను.

కానిస్టేబుల్ నా కళ్లలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ దినం గేటు కాడ నేనే డ్యూటీల ఉంటి" అన్నాడు. "సార్ స్కూటర్ మీద ఇద్దరొచ్చిన్రు. ముగ్గురు పోయిన్రు. స్కార్ఫ్ కట్టుకున్న మేడం కండ్లు నాకు యాదున్నయి."

నాన్న లేవబోయి లేవలేకపోయారు. కానిస్టేబుల్ మాత్రం తాపీగా టీ పూర్తిచేసి, కాగితం మీద ఏదో రాసి, అభ్యంతరమేమీ లేదని రాశానని చెప్పాడు. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"గా బిడ్డ బాగున్నదా సార్?"

ఈసారి నాన్న లేచి నిలబడ్డారు.

"మా అమ్మాయేనా? బాగుందండీ" అన్నారు.